చక్కెర యాడికి పోయింది

మా అమ్మ పదో తరగతి పరీక్షకు కట్టిన ఏడు నేను కాలేజీలో సైన్సు చదువుతున్నాను. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. కామాటిపురలో, గదికో కుటుంబం వరసగా ఉండే మా చాల్‌లో, మొదటి అంతస్తులో మాకున్నది ఒకే గది. పగలు అదే వంటిల్లు, సాయంత్రం అదే భోజనశాల, రాత్రి అదే పడకగది. అమ్మ అందులో ఖానావళి నడిపేది. పాలమూరు నుంచి కూలి పనులకు వచ్చినవాళ్ళు పొద్దున్నే డబ్బాలు కట్టించుకుని పోయేవారు, సాయంత్రం వచ్చి విడతలు విడతలుగా కూర్చుని తినేవారు. మా ముత్తాతలు కూడా ఆ వైపు నుంచే రాళ్ళు మోయడానికి, గోడలు కట్టడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఏ ఊరో నాన్నకు కూడా సరిగ్గా తెలియదు.

పక్క గల్లీలోని బాల్వాడీలో, అంటే చిన్నపిల్లల బడిలో, ఉన్న ఆయా పని మానేసింది. పిల్లలంటే అమ్మకు ప్రాణం. ఆ పని తనకివ్వమని అడగడానికి వెళ్తే, అక్కడి టీచరు మంచిగానే మాట్లాడి, పదో తరగతి పాసై ఉండాలని చెప్పి పంపించిందట. అమ్మ చదివింది ఏడు. మునిసిపాలిటీ వాళ్ళ తెలుగు బడి అప్పట్లో మా గల్లీకి దగ్గరలోనే ఉండేది. ఏడుతో ఆ బడి అయిపోయింది. ఎనిమిదికి బస్సెక్కి దూరం పోవాలి. మా తాత ఆడపిల్లను బస్సెక్కించనన్నాడు. అంతే, ఆమె చదువు అక్కడ ఆగింది.

బాల్వాడీ నుంచి వచ్చిన సాయంత్రమే అమ్మ పిండి కలుపుతూ, పరీక్ష కడితే ఎట్లుంటదని నన్నడిగింది. నేను బాగుంటుందన్నాను. మూలన మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న నాయినమ్మ, ఈ వయసులో పరీక్షలేమిటని సణిగింది. నాన్న ఇళ్ళకు రంగులు వేసే పనివాడు. ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

పరీక్ష మరాఠీలోనే రాయాలి. అమ్మకు మరాఠీ బజారులో మాట్లాడేంత వచ్చు, కూడబలుక్కుని చదివేంత వచ్చు. చరిత్ర, భూగోళం తనే చదువుకుంది. లెక్కలకు చాల్‌లోని ఒక కాలేజీ అమ్మాయి సాయం చేసింది. సైన్సు నా వంతు. నేను ఎలా చదువుకున్నానో అలాగే చెప్పాను. నిర్వచనం చదవడం, అప్పజెప్పించుకోవడం, తర్వాతి నిర్వచనానికి పోవడం. కూరగాయలు తరుగుతూ అమ్మ అన్నీ అప్పజెప్పేది. నాకు తృప్తిగానే ఉండేది.

ఫలితాలొచ్చాయి. అన్నీ పాసైంది. సైన్సు ఒక్కటి పోయింది.

ఆ రోజు ఆమె ఏడవలేదు. పుస్తకాలు దులిపి, పాత చీరలో మూటగట్టి, అటక మీద పెట్టించింది. సైన్సు ఒక్కటే మళ్ళీ రాస్తే చాలని నేను రెండు మూడుసార్లు చెప్పాను. అప్పజెప్పమంటే అప్పజెప్పగలనని, కానీ పేపరులో అడిగిన తీరు మారగానే తనకు కాళ్ళకింద ఏమీ లేనట్టయిందని చెప్పింది. తర్వాత మాట మార్చేసింది. ఆ వానాకాలమంతా మా ఇంట్లో చదువు మాటే రాలేదు.

మా ఖానావళిలో తినేవాళ్ళలో ఒక తాపీ కూలీ ఉండేవాడు. అమ్మకంటే చిన్నవాడు, ఆమెను అక్కా అని పిలిచేవాడు. ఏటా నాట్లకు ఊరికి పోయి, వానలు తగ్గాక తిరిగొచ్చేవాడు. ఆ ఏడు వచ్చినప్పుడు సంచిలోంచి జొన్నపిండి మూటతో పాటు ఒక పుస్తకం తీశాడు. వాళ్ళన్న బిడ్డ తొమ్మిదో తరగతి పూర్తి చేసిందట. ఆ అమ్మాయి చదివేసిన సైన్సు పుస్తకం. మూలలు నలిగి, అట్ట ఊడి ఉంది.

"అక్కా, నువ్వు తప్పినవన్న సంగతి యాదికొచ్చింది," అన్నాడు. "గిది తెలుగుల ఉంది. జర సూడు. అక్కర లేకుంటే పొయ్యిల పెట్టు."

అమ్మ నవ్వి, చేతులు తుడుచుకుని, పుస్తకం తీసుకుంది. ఆ సాయంత్రం అందరూ తినిపోయాక గిన్నెలు తోమకుండానే గోడకానుకుని కూర్చుంది. ఆమె తెలుగు చదవడం నేను అంతకుముందు పెద్దగా చూడలేదు. పెళ్ళి పత్రికలు, దేవుడి పటాల మీది అక్షరాలు తప్ప మా ఇంట్లో తెలుగులో చదవడానికి ఏమీ ఉండేది కాదు. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ అక్షరాలు రావు. అమ్మ పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగింది. అటక మీది మూట దింపమంది. మరాఠీ పుస్తకాలలోంచి ఒకటి తీసి, వెతికి, రెండింటినీ పక్కపక్కన పెట్టింది.

"మరాఠీల 'ద్రావణ్' అని ఉంది. తెలుగుల 'ద్రావణం' అని ఉంది. రెండూ ఒకటేనా?"

ఒకటేనని చెప్పాను.

"మరి ఏడాదంత నాకు చెప్పలేవేందే?"

నాకు తెలియదు కాబట్టి చెప్పలేదు. తెలుగులో ఆ మాట ఉందని కూడా నాకు అప్పుడే తెలిసింది. అమ్మ మళ్ళీ పుస్తకంలోకి చూసింది. కరిగేది ద్రావితం, కరిగించుకునేది ద్రావణి, రెండూ కలిస్తే ద్రావణం. వేలు పెట్టి, పైకి చదివి, ఇంకోసారి చదివింది. తర్వాత లేచి, గ్లాసులో నీళ్ళు పోసి, చెంచాడు చక్కెర వేసి తిప్పింది. చక్కెర కనిపించకుండా పోయేదాకా చూసి, గ్లాసును బల్బు కేసి ఎత్తి పట్టుకుంది.

"ఇప్పుడు నువ్వు చెప్పు. ఈ చక్కెర యాడికి పోయింది?"

కరిగిందన్నాను. కరిగిందని తనకూ తెలుసని, ఇన్నేళ్ళుగా చాయ్ పెడుతున్నానని, అది పోయింది ఎక్కడికని అడుగుతున్నానని అంది. నేను అణువుల సంగతి మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డుపెట్టి, ముందు అది నీళ్ళలో ఉందో లేదో తేల్చమంది. తియ్యగా ఉంది కదా, ఉన్నట్టే కదా అన్నాను. రుచి ఉంటే సరుకు మొత్తం ఉన్నట్టా? వాసన వస్తే కూర ఉన్నట్టేనా అని అమ్మ ఎదురడిగింది. ఆ ప్రశ్న నన్ను కాలేజీలో ఎవరూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం ఫోరస్ రోడ్ మీది కిరాణా కొట్టుకు వెళ్ళాం. మేము సరుకులు తెచ్చుకునే కొట్టే. గుజరాతీ సేఠ్ ముసలాయన, అమ్మను ఎన్నో ఏళ్ళుగా ఎరిగినవాడు. అమ్మ సంచిలోంచి మూతపెట్టిన నీళ్ళ సీసా, ఉప్పు పొట్లం తీసి రెండూ కలిపి కాంటా మీద పెట్టింది. అంకె చూసి గుర్తు పెట్టుకోమని నాతో చెప్పింది. తర్వాత అక్కడే నిలబడి సీసా మూత తీసి, ఉప్పంతా అందులో పోసి, మూత బిగించి, గలగలా ఊపింది. ఉప్పు మాయమయ్యేదాకా ఊపుతూనే ఉంది. వెనక సరుకులకు వచ్చినవాళ్ళు వరసకట్టారు. ఆమె ఎవరినీ పట్టించుకోకుండా సీసానూ ఖాళీ పొట్లం కాగితాన్నీ మళ్ళీ కాంటా మీద పెట్టింది. అదే అంకె.

సేఠ్ కళ్ళజోడు సవరించుకుని, ఇందులో వింతేముంది, వేసినది వేసినట్టే ఉంటుంది కదా అని హిందీలో అన్నాడు. నీకు ముందే తెలుసా అని అమ్మ అడిగింది. తెలుసో తెలీదో ఎప్పుడూ తూచి చూడలేదని ఆయన ఒప్పుకున్నాడు. ఈసారి చక్కెరతో చూద్దామని ఆయనే అన్నాడు. చక్కెరతోనూ చూశాం. వరసలో ఉన్న ఒకావిడ తన పసుపు పొట్లం ఇచ్చి దీనితో కూడా చూడమంది. తూకం అప్పుడూ మారలేదు గానీ పసుపు కరగలేదు. ఊపినంతసేపూ నీళ్ళలో తేలి, కాసేపటికి అడుక్కు దిగింది. కొన్ని కరుగుతాయి, కొన్ని కలిసినట్టు కనిపించి తర్వాత వేరైపోతాయి అని నేను చెబుతుంటే ఆ ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

ఇంటికి నడిచి వస్తూ అణువుల కథ పూర్తిగా చెప్పమంది. చెప్పాను. చక్కెర పలుకు అంటే కోట్లకొద్దీ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న గుంపు. నీటి కణాలు చుట్టూ చేరి, అంచున ఉన్నవాటిని లాగి తమ మధ్యలోకి తీసుకుపోతాయి. లోపలివి అంచుకు వస్తాయి, వాటినీ లాక్కుపోతాయి. పెద్ద గడ్డ అయితే అంచు తక్కువ, కాబట్టి ఆలస్యం. పొడి చేస్తే అంచు ఎక్కువ, కాబట్టి తొందరగా అవుతుంది. వేడి చేస్తే నీటి కణాలు జోరుగా తిరుగుతాయి, ఇంకా తొందర. అమ్మ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది.

"అంటే పొద్దున మన నాకా లెక్క," అంది.

కూలీలు పని కోసం నిలబడే కూడలిని మేమంతా నాకా అంటాం. పొద్దున్నే అక్కడ వందల మంది ఒక్క ముద్దగా నిలబడి ఉంటారు. మేస్త్రీలు వచ్చి అంచున ఉన్నవాళ్ళను ఇద్దరిని, ముగ్గురిని పిలుచుకుపోతారు. ఎండెక్కేసరికి కూడలి ఖాళీ. వాళ్ళు ఎక్కడికీ పోలేదు, ఊరంతా ఉన్నారు, సాయంత్రం తన దగ్గరికే తిండికి వస్తారు అని అమ్మ చెప్పుకుపోయింది. ఆమె గొంతులో అంత ఉత్సాహం నేను చాలా రోజులకు విన్నాను.

ఆ రోజు నుంచి చదువు తీరు మారింది. తెలుగులో ముందు చదివేది. అర్థమైంది అనుకున్నాక మరాఠీలో అదే పాఠం చదివేది. తేడా వస్తే నన్ను అడిగేది. ఇటు నేను ఆమె దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. లేకపోతే ఆమె ఏం చదువుతోందో నాకు తెలిసేది కాదు. మొదట ద్రావణంలోని 'ద్రా' రాయడానికి నాకు పలక నిండా గీతలు పట్టాయి. నాయినమ్మ వెల్లుల్లి పక్కన పెట్టి మరీ నవ్వింది. ఇవాళ ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ రోజుల పుణ్యమే.

నాన్న ఇవన్నీ చూస్తూ ఉండేవాడు. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, గది ముందున్న గ్యాలరీలో కూర్చుని టర్పెంటైన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. అమ్మ లోపల పాఠం పైకి చదువుతోంది. నాన్న గుమ్మంలోంచే, ఎవరినీ చూడకుండా అడిగాడు.

"నా ఆయిల్ పెయింటు నీళ్ళల్ల ఎందుకు పోదు? దీంతోనే ఎందుకు పోతది? మీ పుస్తకంల ఉందా అది?"

అమ్మ నావైపు చూసింది. నేను చెప్పబోతుంటే ఆగమని సైగ చేసి పేజీలు వెతికింది. ఆ పుస్తకంలో అంత వివరంగా లేదు. అప్పుడు నాకు తెలిసినంత చెప్పాను. నీళ్ళు తమలాంటి గుణమున్నవాటినే తమలోకి తీసుకుంటాయి, ఉప్పును, చక్కెరను. నూనెకు నీళ్ళతో పొత్తు కుదరదు. టర్పెంటైన్‌కు నూనెతో కుదురుతుంది. అన్నింటికీ నీళ్ళే ద్రావణి కానక్కర్లేదు. నాన్న చేతులకేసి చూసుకుని తలాడించాడు. ఇన్నేళ్ళ నుంచి ఆ డబ్బా వాడుతున్నానని మాత్రం అన్నాడు. మర్నాటి నుంచి సాయంత్రం పూట నీళ్ళ బిందెలు నింపే పని ఆయనే చేశాడు. అమ్మకు చదువుకోవడానికి ఆ కాస్త సమయం మిగిలింది.

దసరా ముందు, బతుకమ్మ రోజుల్లో, చాల్‌లోవాళ్ళు అమ్మకు బాదుషాలు చేసిపెట్టమని చెప్పారు. ఇద్దరం పెద్ద గిన్నెలో పాకం పట్టి, బాదుషాలు ముంచి తీసి, ఇచ్చేశాం. పాకం కొంత గిన్నెలో మిగిలిపోయింది. అలసిపోయి మూతపెట్టి వదిలేశాం. పొద్దున నేను కాలేజీకి తయారవుతుంటే అమ్మ పిలిచింది. గిన్నె ముందు గొంతుక్కూర్చుని ఉంది. పాకం అడుగునా అంచులనా చక్కెర గట్టిపడి, పలుకులు పలుకులుగా మెరుస్తోంది. పాకం ఇలా చక్కెర కట్టడం ఆమె ఎన్నిసార్లు చూసిందో. ప్రతిసారీ నిమ్మరసం మరిచిపోయానని తిట్టుకుని కాసిని నీళ్ళు పోసి మళ్ళీ మరిగించేది. ఈసారి ముట్టుకోలేదు.

"సంతృప్త ద్రావణం అంటే గిదేనా?" అంది.

పుస్తకంలో ఆ మాట వచ్చినప్పుడు ఆమెకు నచ్చలేదు. మరాఠీలో వేరే మాట ఉంది, అది అసలే అర్థం కాలేదు. తెలుగులో తృప్తి అన్న మాట తెలుసు గానీ నీళ్ళకు తృప్తి ఏమిటని విసుక్కుని దాటేసింది. ఇప్పుడు తనే చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ళకు కూడా కడుపు ఉంటుంది. కొంత తిన్నాక ఇక చాలంటాయి. అదే తృప్తి. ఆపైన వేసిన చక్కెర అడుగునే ఉంటుంది, ఎంత తిప్పినా కరగదు. వేడి మీద ఉన్నప్పుడు ఆకలి ఎక్కువ, చల్లారితే తక్కువ.

"వేడి మీద మస్తు తిన్నది. చల్లబడంగనే పట్టలేక బయటేసింది. గంతే కదా?"

అంతేనని చెప్పాను. గిన్నెను పొయ్యి మీద పెట్టి కాసిని నీళ్ళు పోసి తిప్పాం. పలుకులన్నీ మళ్ళీ కరిగిపోయాయి. పాకం అద్దంలా తేటపడింది. అమ్మ మంట తగ్గించి, ఏళ్ళ తరబడి ఇంతమందికి వడ్డించానని, ఎవరు చాలంటారో ఎవరు ఇంకొంచెం అంటారో మొహం చూస్తే చెబుతానని, నీళ్ళ సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదని అంది. నాకు కాలేజీ ఆలస్యమైంది. బస్సులో నిలబడి ఆ పొద్దంతా ఆమె మొహమే తలుచుకున్నాను.

మార్చిలో సైన్సు పేపరు రాసింది. పరీక్ష హాలు బయట నేనూ నాన్నా ఎదురుచూశాం. నాన్న ఆ రోజు పని మానేశాడు. యూనిఫాం పిల్లల గుంపులోంచి పచ్చచీర కట్టుకున్న అమ్మ వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని ఉంది. ఎలా రాశావని అడిగాను.

"అన్నీ రాసిన. ఖాళీ ఒక్కటీ ఇడువలే," అంది. "కానీ ద్రావణాల మీద ఒక్క ప్రశ్న రాలే. ఒక్కటి. ఇంత చదివిస్తిరి, అడగద్దా?"

నాన్న నవ్వాడు. రోడ్డు మీద ఆయన అంత గట్టిగా నవ్వడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. అమ్మ కూడా నవ్వింది. ముగ్గురం ఇరానీ హోటల్లో బన్ మస్కా తిని, చాయ్ తాగి ఇంటికి వచ్చాం.

పాసైన సంగతి ఫోన్‌లోనే తెలిసింది. కొన్ని వారాల తర్వాత మార్కుల పత్రం తీసుకోవడానికి అమ్మా నేనూ ఆమె పరీక్ష కట్టిన బడికి వెళ్ళాం. కౌంటర్‌లోని క్లర్కు కాగితాల కట్ట విప్పుతూ నాకేసి చూసి, నంబరు చెప్పమని మరాఠీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ ముందుకు వచ్చింది.

"మాఝంచ్ ఆహే," అంది. అది నాదే.

క్లర్కు ఒకసారి తలెత్తి చూసి, సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు. అమ్మ తెలుగులో సంతకం పెట్టింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు. వెనక వరసలో ఉన్న ఒక కుర్రాడి తల్లి, మీరే రాశారా అని అడిగింది. అమ్మ అవునని, మీరు కూడా రాయండి, ముందు సైన్సుతో మొదలుపెట్టండని చెప్పి వచ్చింది.

పక్క గల్లీ బాల్వాడీలో అప్పటికే వేరే ఆమెను పెట్టుకున్నారు. అమ్మకు కొన్నాళ్ళు దిగులుగానే ఉంది. తర్వాత ఇంకో గల్లీలో పూట పని దొరికింది. పొద్దున పిల్లలు, సాయంత్రం ఖానావళి. పాలమూరు నుంచి వచ్చే మనుషులు ఇప్పుడు తగ్గారు. మా చాల్ కూడా కూల్చి కొత్త భవనం కడతారని చాన్నాళ్ళుగా అంటున్నారు. మధ్యలో కొన్నేళ్ళు ఎక్కడ ఉండాలో, పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తేలలేదు. నేను పెళ్ళయి కళ్యాణ్‌లో ఉంటున్నాను. వారం వారం అమ్మ ఫోన్ చేసి నా ఉద్యోగం సంగతులు అడుగుతుంది. మందులు తయారుచేసే చోట పని కాబట్టి ఇవాళ ఏం కలిపావు, ఎందులో కరిగింది అని ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పకుండా తప్పించుకోలేను.

మొన్న వెళ్ళినప్పుడు పదకొండులో చేరతానంది. సైన్సు తీసుకుంటుందనుకున్నాను. కాదట. సైన్సు తనే చదువుకోగలదట, ఇప్పుడు చరిత్ర కావాలట. ఎందుకని అడిగాను.

"మనోళ్ళే ఈ ఊరు కట్టిండ్రని చిన్నప్పటి సంది వింటున్న. మరి యే పుస్తకంల రాసిండ్రో సూడాలె గదా," అంది.

నాన్న అప్పటికే చొక్కా తొడుక్కుని గ్యాలరీలో నిలబడి ఉన్నాడు. కాలేజీ ఆఫీసు మూసేలోపు వెళ్ళాలని తొందరపెట్టాడు. ముగ్గురం మెట్లు దిగి, దాదర్ వైపు పోయే బస్సెక్కాం.